ఏ తీరువి కావాలి?

మెదక్ బజారులో ఏ బట్టల షాపుకైనా వెళ్ళి చీర అడిగి చూడండి. "ఏ టైపు కావాలమ్మా? ఏ రేటులో చూపించమంటారు? ఇది కొత్త వెరైటీ, క్వాలిటీ చూడండి" అంటాడు షాపతను. పక్కన కూచున్న పల్లెటూరి పెద్దావిడ కూడా, "గీ డిజైను వద్దు బిడ్డా, ఇంకో మోడలు తియ్యి" అంటుంది. బడి ముఖం చూడని ఆవిడకి టైపు, మోడలు, సైజు, సెట్టు అన్నీ సొంత మాటలే!

తెలుగు పాడైపోతోందని నిట్టూర్చేవాళ్ళున్నారు. సరే, 'టైపు' వద్దు, అచ్చంగా మన మాటే వాడదాం. ఏమందాం? 'రకం' అందామా? అది అరబ్బీ 'రకమ్'. పోనీ 'దినుసు'? అది అరబ్బీ 'జిన్స్'. తరహా, బాపతు, నమూనా కూడా ఉర్దూ, ఫారసీల మీదుగా ఆ దారినే వచ్చాయి. పోపుల డబ్బా తెరిచి "దినుసులన్నీ ఉన్నాయా?" అని చూసుకునే ఏ ఇల్లాలికీ తను పరాయి మాట వాడుతున్నానన్న అనుమానమే రాదు. విధం, వర్గం, జాతి అందామంటే అవి సంస్కృతం. వెతగ్గా వెతగ్గా మనదని మిగిలేది 'తీరు'. "ఒక్కోటి ఒక్కో తీరుగ ఉన్నయ్" అనే మెదక్ వాళ్ళ నోట అది ఇంకా హాయిగానే బతుకుతోంది.

ఎందుకిలా జరిగిందంటారు? నాకు తోచింది చెబుతాను. వస్తువుకి పేరు పెట్టేది దాన్ని చేసేవాళ్ళూ, వాడేవాళ్ళూ. అందుకే చేట, రోలు, కుండ, పప్పు మనవి. వాటిని గుంపులుగా విడదీసి పద్దు రాసేది మాత్రం పన్ను వసూలు చేసేవాళ్ళూ, టోకున కొనేవాళ్ళూ. వాళ్ళ భాష ఏదైతే గుంపు పేరు ఆ భాషలో ఉంటుంది. మెదక్‌ని గుల్షనాబాద్ అన్న రోజులున్నాయి. నిజాం రాజ్యంలో 1880ల దాకా కచేరీ భాష ఫారసీ, తర్వాత ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికైతే, ఇంగ్లీషు శాస్త్రపదాలకి ఉర్దూ మాటలు తయారుచెయ్యడానికి ఓ అనువాద శాఖనే పెట్టారు. 1948లో ఆ రాజ్యం పోయింది, కచేరీలో ఇంగ్లీషు పెత్తనం పెరిగింది. కోస్తాలో ఆ కథ ఇంకా ముందే నడిచింది. తెలుగువాళ్ళ వాడుకలో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసం బ్రౌన్ దొర 1854లోనే మిశ్రభాషా నిఘంటువు అచ్చువేయించాడు.

కాబట్టి అరువు మాటలంటే నాకు కోపం లేదు. అయితే అరువు తెచ్చుకున్న మాట మన పని చేసి పెడుతోందా, లేక మన చేత దాని పని చేయిస్తోందా అన్నది చూసుకోవాలి కదా!

రైలు క్లాసుల సంగతే తీసుకోండి. రైళ్ళలో థర్డ్ క్లాసు 1974లో ఎత్తేశారు. మెదక్ పట్టణానికి రైలు వచ్చింది 2022లో. అంటే ఆ స్టేషనులో థర్డ్ క్లాసు పెట్టె ఒక్కరోజూ ఆగలేదు. అయినా "థర్డ్ క్లాసు మనిషి", "థర్డ్ క్లాసు బుద్ధులు" అన్న తిట్లు ఆ ఊళ్ళోనూ వినపడుతూనే ఉంటాయి. పూర్వం ఒకరిని ఆడిపోసుకోవాలంటే పిసినారి అనో, నోటి దురుసు అనో, ఆ తప్పేదో చెప్పక తప్పేది కాదు. ఇప్పుడా అవసరం లేదు. చవక టిక్కెట్టు కొనుక్కున్న పాపానికి పేదవాళ్ళ పెట్టె పేరు తిట్టయి కూర్చుంది. పిల్లల ముందు ఆ మాట అనేటప్పుడు కాస్త ఆలోచించుకోవాలనిపిస్తుంది.

ఇక బియ్యం. మెతుకు సీమ అని పేరున్న చోట ఆ ఊసెత్తకపోతే ఎలా? తెలంగాణ ఇళ్ళల్లో బియ్యానికి రెండే మాటలు: సన్నవి, దొడ్డువి. ప్రభుత్వం వడ్లు కొనేటప్పుడూ రెండే మాటలు: గ్రేడ్ ఎ, కామన్. రెంటికి రెండూ సరిపోయాయి అనుకుంటాం. కానీ గ్రేడు చూసేది గింజ పొడవుకీ వెడల్పుకీ ఉన్న నిష్పత్తిని. 1010 రకానికి పెట్టిన పేరు 'కాటన్‌దొర సన్నాలు'. గింజ పొడుగ్గా ఉంటుంది కనక అది గ్రేడ్ ఎ. మన ఇళ్ళల్లో మాత్రం అది దొడ్డు బియ్యమే! అందరూ ఇష్టపడి తినే సాంబ మసూరిదీ అదే గ్రేడు. తెగుళ్ళ బెడద ఓర్చుకుని సాంబ మసూరి పండించిన రైతుకి దక్కే మద్దతు ధర కూడా అదే.

2024 వానాకాలం పంటకి తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకి క్వింటాలుకి 500 రూపాయలు బోనసు ఇవ్వాలనుకుంది. గ్రేడ్ ఎ అని రాస్తే ఆ పని జరగదు. అందుకని ఏవేవి సన్నాలో వేరే లెక్క తీసి, 33 రకాలతో జాబితా వేశారు. 2025 ఉగాది నుంచి రేషను షాపుల్లో ఇస్తున్నదీ సన్న బియ్యమే. ఆడవాళ్ళు చేటలో పోసి చూసి చెప్పే మాట కచేరీ కాగితం మీదికి ఎక్కింది, రైతు చేతికి డబ్బు తెచ్చింది.

అందుకే నేననేదేమిటంటే, టైపు, సైజు అనుకుంటే అనుకుందాం. కొన్నాళ్ళకి అవీ దినుసులా మనలో కలిసిపోతాయి. కానీ సన్నవీ దొడ్డువీ, కొత్త బియ్యమూ పాత బియ్యమూ, ఉప్పుడువీ పచ్చివీ అని వేళ్ళతో తెలుసుకుని విడదీసే మాటలు మనకున్నాయి. కిరాణా షాపులో "ఏ క్వాలిటీ కావాలమ్మా?" అని అడిగినప్పుడు, ఆ మాటల్లోనే జవాబు చెబితే ఏం పోతుంది చెప్పండి?