పన్నెండు వోల్టుల దాస్తాన్

ద్వారకా నగర్‌లో కారు ఆంప్లిఫైయర్ బేరమాడే నౌజవాన్లు ముందు అడిగేది ఎన్ని వాట్లు అనే. ఆ తాకత్ ఏ తీగ మీద రావాలన్న సవాల్ ఆఖర్న వస్తుంది, ఒక్కోసారి అసలే రాదు. కానీ జనాబ్, కారు సంగీతం తారీఖ్‌లో సగం ఈ తీగ కథే.

1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చారు. అప్పటి కార్ల బ్యాటరీ ఆరు వోల్టులే. రేడియోలోని వాల్వులకేమో రెండొందల వోల్టుల దాకా కావాలి. మొదట్లో అందుకోసం వేరే బ్యాటరీలు మోసుకు తిరిగారు. తర్వాత వైబ్రేటర్ వచ్చింది. సెకనుకు వందసార్లకు పైగా కరెంటును తెంచి కలిపే చిన్న డబ్బా అది. అలా తెగి కలిసే కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ పెంచేది. పాట వెనకాల దాని గుర్రుమనే ఆవాజ్ ముఫ్త్!

1950లలో కార్లు 12 వోల్టులకు మారాయి. 1955లో క్రైస్లర్ కార్లలో ఫిల్కో వారి ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది. దానికి 12 వోల్టులు చాలు, సన్నతీగ చాలు. అంబాసిడర్‌లో క్యాసెట్ పెట్టి రఫీ సాబ్‌ను విన్న మన బుజుర్గులకు ఆంపియర్ల ఫికర్ లేదు.

ఆ ఫికర్‌ను మళ్లీ తెచ్చింది సబ్‌వూఫర్ షౌక్. 12 వోల్టులతో నేరుగా మామూలు నాలుగు ఓముల స్పీకర్‌కు అందేది దాదాపు ఇరవై వాట్లే. అందుకే పెద్ద ఆంప్లిఫైయర్ తన పొట్టలోనే వోల్టేజీ పెంచుకుంటుంది. పాత వైబ్రేటర్ పనే, చప్పుడు లేకుండా.

హిసాబ్ చూడండి. ఇంట్లో 230 వోల్టుల మీద 500 వాట్ల సామాను లాగేది రెండు ఆంపియర్లకు కాస్త ఎక్కువ. అదే 12 వోల్టుల మీద దాదాపు 42 ఆంపియర్లు. ఆంప్లిఫైయర్ వేడి రూపంలో పోగొట్టేది కలిపితే ఇంకా ఎక్కువ. ఇంటి లైటు తీగ దానికి తట్టుకోదు. రాగి పూసిన అల్యూమినియం తీగను రాగి ధరకు అంటగట్టే వాళ్ల సంగతి వేరే చెప్పాలా!

అసలు ఖతర్నాక్ చోటు బ్యాటరీ పక్కనే ఉంది. ఫ్యూజ్ కాపాడేది ఆంప్లిఫైయర్‌ను కాదు, తీగను. బానెట్ నుంచి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు లేకపోతే రేకు అంచు తీగ తొడుగును కోస్తుంది. ప్లస్ తీగ బాడీకి తగిలిందా, బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. అప్పుడు డిక్కీలో ఆంప్లిఫైయర్ దగ్గరున్న ఫ్యూజ్‌కు ఖబరే ఉండదు, తీగ మంటై వెనక సీట్లో పిల్లల దాకా వస్తుంది. అందుకే బ్యాటరీకి జానెడు, రెండు జానల లోపలే, తీగ మందానికి తగ్గ ఫ్యూజ్ ఉండాలి.

మైనస్ తీగ కూడా అంతే మందం ఉండాలి, పెయింటు గీకిన రేకుకు బోల్టుతో బిగించాలి. మన విశాఖ ఉప్పుగాలికి ఆ గీకిన చోటే ముందు తుప్పు పడుతుంది. బిగించాక పైన కాస్త గ్రీజు రాయమని మిస్త్రీకి చెప్పండి.