వెన్నెముక గీతకు అవతల

1876లో బ్రిటిష్ పార్లమెంటు జంతువుల మీద ప్రయోగాలకు కళ్లెం వేస్తూ ఒక చట్టం చేసింది. ప్రయోగం చేసేవారికి లైసెన్సు ఉండాలంది, జంతువుకు మత్తు ఇవ్వాలంది. అన్నీ చెప్పి, చివర్లో ఒక చిన్న వాక్యం చేర్చింది: వెన్నెముక లేని జంతువులకు ఇది వర్తించదు. వానపాములు, పీతలతో పాటు ఆక్టోపస్, స్క్విడ్, కటిల్‌ఫిష్ కూడా ఆ ఒక్క వాక్యంతో చట్టానికి అవతల ఉండిపోయాయి. శాస్త్రవేత్తలు శీర్షపాదులని పిలిచే ఈ చివరి మూడింటి వర్గాన్ని గీత దాటించడానికి నూరేళ్లకు పైగా పట్టింది. దాటించిన సాక్ష్యం చాలావరకు వాటిని కోసి చూసిన ప్రయోగశాలల్లోంచే వచ్చింది.

ముందుగా స్క్విడ్ సంగతి. 1936లో ఇంగ్లండుకు చెందిన జె.జెడ్. యంగ్ దాని ఒంట్లో ఒక మహా నాడీతంతువును గుర్తించాడు. అది మిల్లీమీటరు దాకా లావుంటుంది. మనిషి నాడీతంతువుల్లో లావైనవి కూడా అందులో యాభయ్యో వంతే. 1939 వేసవిలో ప్లిమత్ సముద్ర ప్రయోగశాలలో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఆ తంతువులోకి సన్నని ఎలక్ట్రోడు దించి, నాడిలో పరుగెత్తే విద్యుత్ సంకేతాన్ని లోపలి నుంచే కొలిచారు. యుద్ధం వచ్చి పని ఆగింది. ఆ సంకేతాన్ని వివరిస్తూ 1952లో వాళ్లు ప్రచురించిన సమీకరణాలకు 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. వైద్యవిద్యార్థులు ఇవాళ్టికీ చదివే ఆ పాఠం తల నరికిన స్క్విడ్ల నుంచి తీసిన తంతువుల మీద నేర్చుకున్నది. ఆ స్క్విడ్లను ఎలా ఉంచారో, ఎలా చంపారో చట్టం అడగలేదు.

ఆక్టోపస్ కథ నేపుల్స్‌లో నడిచింది. జర్మన్ జంతుశాస్త్రవేత్త అంటోన్ డోర్న్ 1872లో ఆ ఊరి సముద్రతీరాన స్థాపించిన పరిశోధనాకేంద్రానికి దేశదేశాల శాస్త్రవేత్తలు వచ్చేవారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక యంగ్ కూడా బ్రయన్ బాయ్‌కాట్‌తో కలిసి అక్కడికి చేరాడు. తొట్టిలో ఉన్న ఆక్టోపస్‌కు పీతను చూపించేవారు. పీత ఒక్కటే ఉంటే పట్టుకుని తినవచ్చు. పక్కన తెల్లని పలక ఉంటే మాత్రం ముట్టుకోగానే కరెంటు షాకు. కొద్ది ప్రయత్నాల్లోనే ఆక్టోపస్ తేడా నేర్చుకుంది, పలక కనబడితే దూరంగా ఉండిపోయింది. తర్వాత మెదడులో పైభాగాన ఉండే ఒక తమ్మెను కోసి తీసేస్తే, నేర్చుకున్నది చెరిగిపోయింది. జ్ఞాపకం ఎక్కడ ఉంటుందో వెతికిన గొప్ప ప్రయోగాల్లో ఇదొకటి. అదే చోట మార్టిన్ వెల్స్ చూపు నరాలు తెంచిన ఆక్టోపస్‌లకు వస్తువులను స్పర్శతోనే గుర్తుపట్టడం నేర్పాడు.

వీళ్లు క్రూరులు కారు. ఆ జంతువును వాళ్లంత శ్రద్ధగా గమనించినవారు అప్పట్లో అరుదు. అయినా షాకుకు భయపడి దూరం జరగడం నేర్చిన జీవికి ఆ షాకు ఎలా అనిపిస్తుందన్న ప్రశ్న చట్టం దాకా చేరడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

బ్రిటన్ 1986లో పాత చట్టాన్ని తీసేసి కొత్తది తెచ్చింది. అందులోనూ వెన్నెముకే గీత. 1993లో ఒక సవరణ చేసి ఒకే ఒక్క జాతిని లోపలికి రానిచ్చింది: నేపుల్స్‌లో ఎక్కువగా వాడిన సాధారణ ఆక్టోపస్, ఆక్టోపస్ వల్గారిస్. దాని దగ్గరి చుట్టాలైన మిగతా ఆక్టోపస్‌లు, స్క్విడ్లు, కటిల్‌ఫిష్‌లు బయటే మిగిలాయి. ఎక్కువ పరిశోధన జరిగిన జాతికే రక్షణ దొరికిందన్నమాట. కెనడా జంతుసంరక్షణ మండలి మాత్రం అంతకు రెండేళ్ల ముందే, 1991లో, శీర్షపాదులన్నిటినీ తన పరిధిలోకి తెచ్చుకుంది.

పెద్ద మార్పు 2010లో వచ్చింది. యూరోపియన్ యూనియన్ ఆదేశం 2010/63 ప్రాణంతో ఉన్న శీర్షపాదులన్నిటినీ ఎలుకలు, కోతులు ఉన్న చట్టంలోనే చేర్చింది. 2013 జనవరి 1 నుంచి అమల్లోకి రావాల్సిన ఆ ఆదేశం ప్రకారం ప్రయోగానికి ముందస్తు అనుమతి కావాలి. నొప్పి ఎంత ఉంటుందో అంచనా వేయాలి. ఇతర దారి ఉంటే జంతువును వాడకూడదు.

అయితే కాగితం మీద మత్తు తప్పనిసరి చేయడం వేరు, ఆ మత్తు పనిచేస్తోందని తేల్చుకోవడం వేరు. సముద్రపు నీటిలో మెగ్నీషియం క్లోరైడ్ కలిపితే ఆక్టోపస్ కదలడం మానేస్తుంది. కండరాలు మాత్రమే పడిపోయి నొప్పి లోపల అలాగే ఉంటే? ఆ అనుమానం ఏళ్ల తరబడి ఉంది. 2018లో అమెరికాలో పనిచేసే పరిశోధకురాలు రాబిన్ క్రుక్ బృందం నాడీసంకేతాలను నేరుగా కొలిచి, మెగ్నీషియం క్లోరైడ్, ఇథనాల్ రెండూ నిజంగానే స్పర్శను ఆపుతున్నాయని చూపింది. 2021లో ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. చేతిలోకి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించిన ఆక్టోపస్‌లు ఆ బాధ పడిన గదిని, అంతకుముందు ఇష్టపడినదే అయినా, వదిలేశాయి. సూది గుచ్చిన చోట చర్మాన్ని ముక్కుతో పీక్కున్నాయి. దంతవైద్యులు వాడే లిగ్నోకెయిన్ ఇచ్చి ఉపశమనం కలిగించిన గదినేమో తర్వాత కోరుకున్నాయి. ఆమ్లం ఎక్కించని వాటికి ఆ గది మీద ప్రత్యేకమైన మక్కువ కలగలేదు. నొప్పి అంటే చేయి వెనక్కి లాక్కోవడం ఒక్కటే కాదని, గుర్తుండిపోయే బాధ అని ఇంత స్పష్టంగా చెప్పిన ప్రయోగాలు తక్కువ. దీన్ని రుజువు చేయడానికి కూడా కొన్ని ఆక్టోపస్‌లకు నొప్పి కలిగించక తప్పలేదన్నది నిజం.

భారతదేశంలో పరిస్థితి వేరు. రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల వెనక ఉన్న 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అని నిర్వచించింది. వెన్నెముక ప్రస్తావనే లేదు. అంత విశాలమైన మాటను మన పార్లమెంటు యూరప్ కంటే యాభై ఏళ్లు ముందు రాసింది.

అమెరికాలో ఆ పాత గీత 2023 దాకా కదలలేదు. ప్రభుత్వ నిధులతో వేలెడంత లేని జీబ్రా చేప మీద ప్రయోగం చేయాలంటే సంస్థలోని జంతుసంరక్షణ కమిటీ అనుమతి కావాలి. దాదాపు 50 కోట్ల నాడీకణాలున్న ఆక్టోపస్ మీద చేయడానికి ఫెడరల్ నియమాలు ఆ అనుమతి అడగలేదు. 2020లో హార్వర్డ్ న్యాయవిద్యార్థుల క్లినిక్ ఈ సంగతిని జాతీయ ఆరోగ్య సంస్థల దృష్టికి తెచ్చి, మార్చమని కోరింది. 2023 సెప్టెంబరులో ఆ సంస్థలు శీర్షపాదుల సంరక్షణకు ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసి ప్రజాభిప్రాయం అడిగాయి.