పేరు భూమిది, బ్రతుకు సముద్రానిది

శబ్దశాస్త్రం చదువుకున్నవారికి యోగార్థమూ, రూఢ్యర్థమూ కొత్త కావు. తిలల నుండి పుట్టినది తైలం. అయినా కొబ్బరి తైలమంటే ఎవరూ ఆక్షేపించరు. వ్యుత్పత్తి ఒక దారిన ఉంటే వాడుక మరొక దారిన నడుస్తుంది. జీవశాస్త్రంలో దీనికి చక్కని ఉదాహరణ జియోసారస్. గ్రీకులో ‘గే’ అంటే భూమి, ‘సౌరోస్’ అంటే బల్లి. కాని ఆ ప్రాణి నేల మీద బ్రతికినదీ కాదు, బల్లీ కాదు. సుమారు 15 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రంలో ఈదిన మొసలి బంధువు అది.

జర్మనీలోని బవేరియాలో, డైటింగ్ అనే ఊరి వద్ద దొరికిన దాని శిలాజాన్ని 1816లో సోమ్మరింగ్ అనే శరీరశాస్త్రవేత్త వర్ణించాడు. అతడు పెట్టిన పేరు ‘లాసెర్టా గైగాంటియా’, అనగా మహాబల్లి. హాలెండులోని మాస్ట్రిక్టు గనుల్లో అంతకు ముందే దొరికిన పెద్ద సముద్రజంతువుకు ఇది పిల్ల అని అతని ఊహ. ఆ పెద్ద జంతువునే తరువాత మోససారస్ అన్నారు. నిజానికి ఆ రెండింటి నడుమ సుమారు 8 కోట్ల సంవత్సరాల ఎడం ఉన్నది. 1824లో ఫ్రెంచి పండితుడు కువియే ఇది వేరే ప్రాణి అని గుర్తించి, మొసళ్లకూ ఉడుములకూ నడుమ దీనికి స్థానమిచ్చి, జియోసారస్ అని నామకరణం చేశాడు.

వంశనిర్ణయం పేరు వల్ల కాదు, ఎముకల వల్ల జరుగుతుంది. మోససారస్‌కు అంగిటిలో కూడా పళ్లుంటాయి, కింది దవడ నడుమ కీలు ఉంటుంది. జియోసారస్‌కు ఇవి లేవు. మొసలికి వలె పళ్లు దవడ అంచున వేర్వేరు గుంటల్లో నాటుకొని ఉంటాయి. కింది దవడను మోసే ఎముక పుర్రెతో కదలకుండా బిగిసి ఉంటుంది.

అయితే మొసలి అనగానే మనకు తోచే లక్షణాలు కొన్ని ఇందులో కనబడవు. వీపు మీద ఎముక పలకలు లేవు. ముందుకాళ్లు తెడ్లయ్యాయి. తోక చివర వెన్నెముక కిందికి వంగి, చేప తోక వంటి రెక్కకు ఊతమయింది. ఇటువంటి సముద్రమొసళ్ల వర్గానికి 1901లో ఎబర్‌హార్డ్ ఫ్రాస్ ‘థలట్టోసూకియా’ అని పేరు పెట్టాడు. ‘థలట్టా’ సముద్రం, ‘సూఖోస్’ మొసలి. ఇక్కడ యోగార్థం చక్కగా అమరింది.

ఇరవయ్యో శతాబ్దంలో సన్నని ముట్టె గల అనేక జాతులను జియోసారస్‌లోనే చేర్చారు. 2000లో అర్జెంటీనా శాస్త్రజ్ఞులు అటువంటి ఒక పుర్రెలో, కళ్లకు ముందువైపు, ఉప్పును బయటికి పంపే గ్రంథుల అచ్చులను గుర్తించారు. సముద్రంలోనే కాపురముండే ప్రాణికి అది అత్యవసరం. 2009లో మార్క్ యంగ్, ఆండ్రేడ్ అనేవారు లండన్ మ్యూజియంలోని సోమ్మరింగ్ నాటి శిలాజాన్నే మళ్లీ పరిశీలించారు. దాని పళ్లు బల్లపరుపుగా, రంపపు అంచులతో, కత్తెర రేకుల వలె ఒకదానికొకటి ఆనుకొని కోసేవి. ఈ లక్షణం లేని సన్నముట్టె జాతులను వేరుచేసి, 1858 నాటి ‘క్రికోసారస్’ అనే పేరు కిందికి మార్చారు. అర్జెంటీనా పుర్రె కూడా ఇప్పుడు ఆ పేరు కిందే ఉన్నది. థలట్టోసూకియా మొత్తం మొసళ్ల వంశవృక్షంలో ఏ కొమ్మ నుండి చీలిందనే వివాదం మాత్రం ఇంకా తెగలేదు.

ఇన్ని మార్పుల్లోనూ జియోసారస్ పేరు నిలిచింది. అర్థం పొసగలేదన్న కారణంతో పేరును తీసివేయరాదని నామకరణ నియమం. ఆ పేరు వర్ణన కాదు, ఫలానా రాయికి కట్టిన చీటీ. చీటీ మారిస్తే రెండు వందల ఏళ్ల చర్చలో ఎవరు దేనిని గురించి మాట్లాడారో తెలియకుండా పోతుంది.

శాస్త్రపదాలను తెలుగు చేసే మిత్రులకు అందువల్ల ఒక మనవి. జియోసారస్‌ను ‘భూబల్లి’ అంటే గ్రీకులో ఉన్న చిక్కును తెలుగులోకి కూడా తెచ్చుకున్నట్లే. ప్రాణి పేరును జియోసారస్ అనే ఉంచి, వర్గం పేరును ‘సాగరమకరాలు’ అందామని నా ప్రతిపాదన. మన శిల్పాల్లోని మకరానికి కూడా చేప తోక ఉంటుంది. అది చూసి మన పూర్వులకు ఈ శిలాజాలు తెలుసునని వాదించడం మాత్రం వద్దు. ఆ పోలిక కాకతాళీయం. మాట ఇంపుగా ఉన్నది కనుక వాడుకుందాం. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెబితే సంతోషంగా స్వీకరిస్తాను.