వేగమా, ఓల్టేజీయా: చిప్‌ను చంపేది ఏది?

ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లన్నింటినీ ఒకే తాళంలో నడిపించే విద్యుత్ స్పందనలు సెకనుకు ఎన్ని వెలువడతాయో ఆ లెక్కనే క్లాక్ వేగమనీ, తయారీదారు నిర్ణయించిన ఆ వేగాన్ని వినియోగదారు తానుగా పెంచుకోవడాన్ని ఓవర్‌క్లాకింగ్ అనీ అంటారు. 1984లో ఐబీఎం విడుదల చేసిన పీసీ ఏటీలో 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, అంటే తాళం వేసే క్వార్ట్జ్ ముక్క ఉండగా, ప్రాసెసర్ అందులో సగం వేగంతో నడిచేది. ఆ ముక్కను తీసి 16 మెగాహెర్ట్జ్‌ది పెట్టిన వారి యంత్రాలు 8 మెగాహెర్ట్జ్‌కు చేరుకోగా, ఐబీఎం తన తర్వాతి బయోస్‌లో, అంటే యంత్రాన్ని మొదలుపెట్టే అంతర్గత ప్రోగ్రాములో, వేగాన్ని పరీక్షించే ఏర్పాటు చేసి ఆ దారిని మూసివేసింది.

ఈ చరిత్రలో అన్నింటికన్నా పేరుపొందినది 1998 ఆగస్టులో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ. బస్సు వేగానికి ఎన్ని రెట్లతో చిప్ నడవాలో చెప్పే గుణకం అందులో 4.5 వద్ద మార్చ వీల్లేకుండా బిగించి ఉన్నా, మదర్‌బోర్డు భాగాలను కలిపే ఆ బస్సును 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే చిప్ 300 నుంచి 450కి చేరేది. చాలా చిప్‌లు ఆ వేగాన్ని ఏళ్ల తరబడి నిబ్బరంగా తట్టుకున్నాయి. విచిత్రమేమంటే, ఇతర భాగాలకు బస్సును 100 వద్ద నడపడం కన్నా, మధ్యలోని 83 మెగాహెర్ట్జ్ వద్ద నడపడమే ఎక్కువ ప్రమాదకరం. హార్డ్ డిస్కు, సౌండ్ కార్డు వంటివి ఆధారపడిన, ప్రధాన బస్సు వేగాన్ని భాగించి నడిపే పీసీఐ బస్సుకు 33 మెగాహెర్ట్జ్ ప్రమాణం కాగా, 100ను మూడుతో భాగిస్తే అది సరిపోతుంది, 83ను రెండుతో భాగిస్తే మాత్రం 41.5 వస్తుంది, అప్పుడు ప్రాసెసర్ క్షేమంగానే ఉన్నా డిస్కులో రాసిన సమాచారం చెడిపోయే ముప్పు ఉండేది.

వేగం ఒక్కటే హద్దు మీరితే చిప్ సాధారణంగా లెక్క తప్పుతుంది, లేదా యంత్రం స్తంభిస్తుంది, పాత వేగానికి తెస్తే కోలుకుంటుంది. శాశ్వత హాని వేగాన్ని నిలబెట్టడానికి పెంచే ఓల్టేజీ నుంచీ, దానితో పుట్టే వేడి నుంచీ వస్తుంది. విద్యుత్ వినియోగం ఓల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 10 శాతం పెంపు 21 శాతం అదనపు భారమవుతుంది. ఎలక్ట్రాన్ల ఉరవడికి చిప్‌లోని సన్నని లోహపు తీగల అణువులు మెల్లగా కొట్టుకుపోయి, తీగ ఒకచోట తెగి మరొకచోట పోగుపడడాన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. కరెంటు సాంద్రత, ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ తీగ ఆయుష్షు ఎలా తరిగిపోతుందో మోటరోలాకు చెందిన జేమ్స్ బ్లాక్ 1960ల చివరలోనే సమీకరణంగా చూపాడు. ఆ హెచ్చరిక నిజమేనని 2002లో నార్త్‌వుడ్ రకం పెంటియం 4 రుజువు చేసింది: సుమారు 1.5 ఓల్టులకు ఉద్దేశించిన ఆ చిప్‌లకు 1.7కు మించి ఇచ్చిన వారిలో కొందరు వాటిని కొద్ది నెలల్లోనే పోగొట్టుకున్నారు.

ఈ ముప్పు వినియోగదారు ఉత్సాహానికే పరిమితం కాదు. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన ఓల్టేజీ కోరడం వల్ల దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ స్వయంగా అంగీకరించి, ఆగస్టులో సవరించిన మైక్రోకోడ్‌ను, అంటే చిప్‌ను లోపలి నుంచి నడిపించే ఆదేశాలను, విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ సవరణ బాగుచేయలేకపోయింది.