మనోరోగుల మేని బరువు

మన పల్లెలలో "ఒళ్ళు చేసినాడు" అనుట మెచ్చుకోలు మాట. కరవులు చూచిన జాతికి అది సహజమే. కాని తీవ్రమైన మనోవ్యాధికి మందు పుచ్చుకొనువాని విషయమున ఆ మాటయే హెచ్చరిక యగును. దానికొక చరిత్ర కలదు.

రెండవ ప్రపంచయుద్ధమున, 1940 మొదలు 1944 వఱకు జర్మనులు ఫ్రాన్సు నాక్రమించిన కాలమున, ఆ దేశపు మానసిక వైద్యశాలలలో తిండి చాలక, ఆకలిచేతను దానివలని రోగములచేతను సుమారు 45,000 మంది మరణించిరని చరిత్రకారులు లెక్కించినారు. వెలుపలివారు పల్లెలనుండియో బంధువులనుండియో ఇంత తెచ్చుకొని బ్రదికిరి. గోడల లోపలివారి కా దారి లేదు.

ఆ దేశముననే 1950 డిసెంబరులో పాల్ షార్పాంత్యే అను రసాయనికుడు క్లోర్‌ప్రోమజీన్ అను మందును తయారుచేసెను. 1952లో పారిసు నగరమందలి సాంత్ ఆన్ ఆసుపత్రిలో జాన్ దలే, పియేర్ దెనికేర్ అను వైద్యులు దానిని మనోరోగులకిచ్చిరి. కేకలు, కలవరము అణగినవి. అంతకుమున్ను దరిచేరనీయనివారు కూర్చుండి మాటాడిరి. ఈ మందు వాడినవారిలో పలువురి మేను పెరుగుటను ఆ దశాబ్దముననే వైద్యులు గమనించిరి. ఐనను ఆకలిచావులు చూచిన కన్నులకు అదియొక దోషముగా తోచునా?

పిదప క్లోజపీన్, 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఒలాంజపీన్ మున్నగునవి వచ్చినవి. వీనివలన చేతివణకు, కండరముల బిగువు తగ్గెను గాని బరువు మిక్కిలి హెచ్చెను. 1999లో అనేక పరిశోధనలను జోడించి చూచినవారు, ఈ రెండింటివలనను పది వారములలో సగటున 4 కిలోలకు పైగా పెరుగునని, జిప్రాసిడోన్ వలన దాదాపు పెరుగదని తేల్చిరి.

ఇది తిండిపోతుతనము కాదు. మెదడులో హిస్టమీన్, సెరొటోనిన్ అను ద్రవ్యముల పనిని ఈ మందులు అడ్డగించుటచే ఆకలి హెచ్చి, తృప్తి మందగించును. అతిస్థూలునికి ఆకలిదప్పులు మెండని చరకుడు ఏనాడో చెప్పియుండెను. పెరిగిన మేనివెంట మధుమేహము, గుండెజబ్బు వచ్చును. తీవ్ర మనోవ్యాధి గలవారు ఇతరులకన్న 10 మొదలు 20 ఏండ్లు ముందుగా మరణించుటకు ఇట్టి శరీరరోగములే ముఖ్యకారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

2004లో అమెరికాలోని మధుమేహ వైద్యసంఘమును మనోవైద్యసంఘమును కూడి, మందు మొదలిడునాడును, 4, 8, 12 వారములకును, అటుపిమ్మట మూడేసి మాసములకును రోగిని తూచవలెననిరి. నూటికి 5 పాళ్ళు పెరిగినచో మందు మార్చుట ఆలోచింపుమనిరి. మేరీలాండు రాష్ట్రమున 291 మందితో జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనలో, గుంపుగా వ్యాయామము చేయించి, ఆహారము గూర్చి బోధించిన వారు 18 నెలలకు తక్కినవారికన్న సగటున 3.2 కిలోలు తగ్గియుండిరి. కొద్దియే యందురేమో! కాని వీరు మారలేరని లోకము తేల్చివేసినవారు!

నా పూర్వశిష్యు డొకడు "ఎంత తిన్నా తిన్నట్టుండదు మాస్టారూ" అని ఒకనాడు నాతో మొరపెట్టుకొనెను. రచ్చబండమీద అతనిని చూచి నవ్విన పెద్దలలో నేనును ఒకడను. సిగ్గుపడి అతడు మందు మానెను. రెండు మాసములలో వ్యాధి తిరుగబెట్టెను. మరల వైద్యునికడకు గొనిపోగా, ఆయన మందు మార్చి, ఉదయమున నడువుమని, సంకటియు అన్నమును కొలిచి పెట్టుడని ఇంటివారికి చెప్పెను. ఇప్పుడతడు నెలనెలా బియ్యపు మిల్లు కాటామీద తూగి, ఆ అంకె నాయొద్దనున్న పుస్తకములో వ్రాయించును.