వృద్ధాశ్రమం: దయ నుంచి ప్రమాణం వరకు

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయింది. అంతకు ముందు ఏడాదే కేంద్రం వృద్ధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. అయితే విధానం వేరు, చట్టం వేరు. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దాని 19వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా ఆశ్రమాలు నెలకొల్పవచ్చు; వైద్యం, వినోదం వంటి సేవలకు ప్రమాణాలు నిర్ణయించవచ్చు. రాయపూర్‌కైనా, అనంతపురానికైనా ఇదే సెక్షన్.

గమనించండి: చట్టం ‘నెలకొల్పవచ్చు’ అంది, ‘నెలకొల్పాలి’ అనలేదు. దయను కొలవలేం, ప్రమాణాన్ని కొలవగలం. మందు వేళకు అందుతోందా? స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? రాత్రి పిలిస్తే పలికేవారున్నారా? ఇవి అడిగేవారు లేకపోతే ఆ ‘వచ్చు’ కాగితం మీదే మిగిలిపోతుంది.