మొదటి చేతుల పట్టిక

కొనువాని జాడ అమ్మువానికి తెలియదు. అమ్మువాని ఊరును పేరును కొనువానికి తెలియవు. వివాహముల విషయమున ఈ చిక్కును పెండ్లిండ్ల పేరయ్య తీర్చుచుండును. ఆవిరియంత్రమునకు కవాటము కావలసినవానికి అట్టి పేరయ్య ఎవడు? దీనికి చరిత్రలో లభించిన యొక సమాధానమును గూర్చి శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

1677లో లండను నగరమున శామ్యూల్ లీ అనునతడు ఆ నగర వర్తకుల పేర్లను, నివాసములను చేర్చి చిన్న పుస్తకమును ప్రకటించెను. జనుల సొమ్ము దాచి లావాదేవీలు నడుపు స్వర్ణకారుల పేర్లు అందు వేరుగా చేర్చబడినవి. అది మనుష్యుల పట్టికయే గాని వస్తువుల పట్టిక గాదు. ఫలానా వర్తకుడు ఎచట నున్నాడనిన చెప్పును. ఫలానా వస్తువు ఎవరియొద్ద దొరకుననిన చెప్పదు. కర్మాగారములు పెరిగిన కొలది ఈ రెండవ ప్రశ్నయే బరువెక్కెను.

అమెరికాలో దానిని చేపట్టినవాడు హార్వే మార్క్ థామస్. 1898లో ఆయన ఇనుపసామానుల వర్తకమునకును, దానికి చేరువైన వ్యాపారములకును సంబంధించిన పట్టికతో ఆరంభించెను. కొలది సంవత్సరములలోనే అది సమస్త వస్తువులకు విస్తరించి, అమెరికా ఉత్పత్తిదారులను, అన్ని శాఖలలోని ‘మొదటి చేతులను’ తెలుపు థామస్ రిజిస్టరుగా రూపొందెను. మొదటి చేతులను ఆ మాట మాకు మిక్కిలి నచ్చినది. నాలుగు చేతులు మారిన సరుకు ధర యెట్లుండునో మన గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు గదా!

ఆ గ్రంథమున వస్తువు పేరే శీర్షిక. కవాటములని యొక శీర్షిక, వాని రకములకు ఉపశీర్షికలు, ఒక్కొక్కదాని క్రింద రాష్ట్రము, పట్టణము, తయారుచేయువాని పేరు. వార్తాపత్రికలో ప్రకటన వేసినచో వేలమంది చూతురు. వారిలో బాయిలరు కొనవలసినవాడు ఒక్కడైన నుండునో లేడో. రిజిస్టరులో బాయిలర్ల పుటను తెరచువాడు కాలక్షేపమునకు తెరువడు. ఏ మారుమూల పట్టణముననో చిన్న కార్ఖానా నడుపుచు, ఊరూర తిరుగు ఏజెంటును పోషింపలేనివానికి ఇట్టి యొక్క పాఠకుడు చాలును.

అయితే ఆ పుటలో అందరును సమానులని తలంపరాదు. పేరు ప్రక్కన సంస్థ మూలధనమును సూచించు అక్షరపు గుర్తు ముద్రింపబడెడిది. పెద్ద యార్డరు నీయదలచినవానికి అది అవసరమే. కాని ధనము వేరు, పనితనము వేరు. చిన్న గుర్తు పడిన నేర్పరిని దాటి కొనువాని చూపు పోవుటకు ఆ యక్షరమే చాలును. పెద్ద ప్రకటనలకు వెచ్చింపగల సంస్థలు ఆ పుటలలోనే మరింత స్థలమాక్రమించెను. ఈ పద్ధతి న్యాయమైనదేనా యని మాకు సందేహము కలుగకపోలేదు.

ఆకుపచ్చ అట్టల ఆ సంపుటములు క్రమముగా ముప్పదికి మించినవి. ఒక బీరువా చాలని గ్రంథమయ్యెను! 2006తో అచ్చు నిలిచిపోయి పట్టిక అంతయు ఇంటర్నెట్టునకు మారెను. 2021లో ఆ సంస్థను జోమెట్రీ అను సంస్థ కొనెను. శీర్షికల పద్ధతి మాత్రము మారలేదు. ఇప్పుడు కొనువాడు పట్టికలోని పేరునుండి ఆ తయారీదారుని సొంత వెబ్‌సైటునకు పోగలడు. అచట కొలతలు, లోహము, నమూనా చిత్రము కనబడనిచో, ఆతడు జాబు వ్రాసి యడుగుచు కూర్చుండడు. వెనుకకు మరలి అదే శీర్షిక క్రింది తరువాతి పేరును తాకును.